గోడ అవతల నుంచి వచ్చిన కీర్తనలు

పోయిన నెల నారాయణగూడ చర్చిలో మా బంధువుల అమ్మాయి పెళ్ళి. ఉంగరాలు మార్చుకోవడం అయ్యాక గాయక బృందం లేచి నిలబడి మా నాన్న కట్టిన పాట ఎత్తుకుంది. ఆయన పోయి చాలా ఏళ్ళయినా ఆ పాట పోలేదు. పెళ్ళిళ్ళకూ పాడతారు, సమాధి దగ్గరా పాడతారు, దేనికైనా సరిపోతుంది. నేను కళ్ళు మూసుకుని వింటుంటే పక్కన కూర్చున్న మా మరిది కొడుకు సామ్ మోచేత్తో పొడిచాడు. వాడు పాటను ఫోనుకు వినిపించాడట. ఈ కాలం ఫోన్లు ఒక ముక్క వినగానే అది ఎక్కడి పాటో చెప్పేస్తాయి కదా. "పెద్దమ్మా, ఇది తాత కట్టిన పాటనే గదా? మరి ఫోన్ల ఈమె ఎవరు?" అని తెర చూపించాడు. వానలో తడిసి ముద్దయి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ పాతకాలపు హీరోయిన్. నేను ఆ ఫోను లాక్కుని నా హ్యాండ్‌బ్యాగులో పడేసి జిప్పు లాగాను. "నోరు మూసుకొని పాట పాడు" అన్నాను. నోరు మూసుకుని ఎట్లా పాడాలని వాడు అడగలేదు, మంచి పిల్లాడు. కానీ భోజనాల దగ్గర మళ్ళీ అదే ప్రశ్న. బిర్యానీ చల్లారిపోతుందని చెప్పి తప్పించుకున్నాను. మా చర్చి సంఘమంతా ఏళ్ళ తరబడి కలిసికట్టుగా కాపాడిన సంగతిని ఒక ఫోను చరణం పూర్తి కాకముందే బయటపెట్టడం నాకు నచ్చలేదు. చెప్పాల్సి వస్తే మేమే చెప్పుకుంటాం. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పుడు మేము చిక్కడపల్లిలో కిరాయికి ఉండేవాళ్ళం. ముందు గది, వెనక గది, మధ్యలో వంట చేసుకునే జాగా, అంతే ఇల్లు. వెనక గది గోడకు అవతల సినిమా టాకీసు. మామూలు అవతల కాదు, టాకీసు తెర వేలాడేది సరిగ్గా ఆ గోడకే. అంటే వాళ్ళ తెర వెనక మా సంసారం. అవతల గుర్రాలు పరిగెత్తితే ఇవతల మా గోడ మీద బైబిలు వచనాల క్యాలెండరు ఊగేది. టాకీసు వెనక ఇల్లు కాబట్టే కిరాయి తక్కువ, కాబట్టే మేమక్కడ ఉన్నాం. ఇంట్లో ఎప్పుడూ మూడు వాసనలు కలిసి ఉండేవి. కుట్టుమిషను నూనె, బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద తడి గుడ్డ, వెంటిలేటర్లోంచి వచ్చే బీడీ పొగ, సమోసాలు. నాలుగయ్యాయంటారా? బీడీ పొగ, సమోసాలు ఎప్పుడూ కలిసే వచ్చేవి, నేను వాటిని ఒకటిగానే లెక్కపెట్టేదాన్ని. మా అమ్మ సుగుణమ్మకు గడియారంతో పని లేదు. ఇంటర్వెల్ గంట మోగితే బియ్యం కడిగేది. విలన్ చావగానే గంజి వార్చేది. సినిమా మారిన వారం మాత్రం అన్నం ఒక రోజు మెత్తగా, ఒక రోజు పలుకుగా ఉండేది, ఆ కొత్త విలన్ ఎప్పుడు చస్తాడో తెలిసేదాకా.

అంత చప్పుడూ మా నాన్నకు వినిపించేది కాదు. చెవుడు కాదు, గుండుసూది కింద పడితే పట్టేసేవాడు. రాంనగర్ చేపల మార్కెట్ పక్కన ఉండేవాళ్ళకు వాసన తెలియనట్టే ఆయనకు ఆ గోడ చప్పుడు తెలియదు. ఊరి నుంచి వచ్చిన చుట్టం తుపాకీ మోతకు ఉలిక్కిపడి గ్లాసు జారవిడిస్తే, "ఏమైంది బావా, పానం బాగలేదా?" అని నిజంగానే పరేషాన్ అయ్యేవాడు. ఆయన జీవితంలో ఒక్క సినిమా చూడలేదు. మా సంఘంలో సినిమా నిషేధం. టాకీసు వీపుకు వీపు ఆనించి బతుకుతూ కూడా దాని ముఖం చూడని మనిషి హైదరాబాదులో ఆయనొక్కడే అయి ఉంటాడు.

నాన్న పేరు ఆశీర్వాదం. దర్జీ. బడి పిల్లల నిక్కర్ల నుంచి పాస్టర్ల తెల్ల అంగీల దాకా అన్నీ కుట్టేవాడు. ఆ పని గురించి ఆయనకున్నంత గర్వం నేను కలెక్టర్లలో కూడా చూడలేదు. "మొట్టమొదటి దర్జీ ఎవరనుకుంటున్నవ్ బిడ్డా? దేవుడే. తప్పు చేసిన మొదటి ఆలుమగలను తోటలకెల్లి ఎల్లగొట్టెటప్పుడు గూడ ఆ ఇద్దరికి తోలు బట్టలు కుట్టిచ్చి పంపిండు. కోపమొస్తే మనమైతే అంగీ సగంల ఇడిచిపెడ్తం. ఆయన కోపంల గూడ పని ఆపలే" అనేవాడు. మనిషికి చేతులిచ్చింది ఏదో ఒకటి కొత్తగా చేయడానికేననీ, చేతులు కట్టుకుని కూర్చోవడం కన్నా దేవుడికి అవమానం లేదనీ ఆయన నమ్మకం. వంటకైనా అంతే. క్రిస్మస్‌కు అమ్మ గరిజెల అంచు మడతపెడుతుంటే పక్కన నిలబడి, "సుగుణా, ఈ అంచు నీకు దేవుడే నేర్పిండు" అని మురిసిపోయేవాడు. "దేవుడు గాదు, మా అమ్మ నేర్పింది. జర పక్కకు జరుగు, నూనె చిందుతది" అనేది అమ్మ.

అయితే కుట్టుపని ఆయనకు బతుకుతెరువు. పిలుపు మాత్రం పాట. దేవుడు తనను కీర్తనలు కట్టడానికి పిలిచాడని ఆయనకు అనుమానం లేని నమ్మకం. పాట ఎట్లా వస్తుందో కూడా చెప్పేవాడు. మిషను తొక్కుతూ తొక్కుతూ ఉంటే ఎక్కడో ఒకచోట కాలు దానంతట అదే ఆగుతుంది. ఆ ఆగినప్పుడు రాగం ఉన్నదున్నట్టుగా, ఎత్తుగడతో సహా, లోపలికి వచ్చి కూర్చుంటుంది. ఇక మాటలు సమకూర్చుకోవడమే ఆయన పని. కాగితం వెతికే ఓపిక ఉండదు కదా, చేతిలో ఉన్న సుద్దతో ముందున్న గుడ్డ మీదే రాసేసేవాడు, లోపలి వైపు. తర్వాత ఎత్తి రాసుకోవడం మరిచిపోయి కుట్టేసేవాడు. చిక్కడపల్లిలో సగం మంది మగవాళ్ళ ప్యాంట్ల లోపల దేవుని స్తుతి ఉండేది, వాళ్ళకు తెలియదు. ఒకసారి ఒక కీర్తన మూడో చరణం రాంనగర్ వెళ్ళిపోయింది. ఒక బ్యాంకు గుమాస్తా ప్యాంటు అది. అమ్మ ఆటో ఎక్కి పోయి, అది ఉతక్కముందే ఆయన చేత విప్పించి, తిరగేసి, చరణం రాసుకుని వచ్చింది. ఆ గుమాస్తా భార్య చాలా రోజులు మా అమ్మతో మాట్లాడలేదు.

ఇప్పుడు వాన పాట సంగతి. మా సంఘపెద్ద ప్రకాశరావు గారు రిటైరైన హెడ్మాస్టరు. టాకీసు మెట్లెక్కిన కాళ్ళతో ప్రభువు బల్ల దగ్గరికి, రొట్టె తీసుకోవడానికి, రావద్దని ఆయన తరచూ హెచ్చరించేవారు. ఒక ఆదివారం నాన్న కొత్త కీర్తన పాడించాడు. దయ వానలా కురిసిందనీ, నేను నిలువునా తడిశాననీ దాని భావం. మొదటి చరణం అయింది. అప్పుడు గోడ అవతల ఆడుతున్న సినిమాలో ఇదే రాగంతో ఒక వాన పాట ఉంది, అందులో సరిగ్గా ఆ చోట హీరోయిన్ గొడుగు విసిరేస్తుంది, పాట ఒక క్షణం ఆగుతుంది, డప్పు మీద రెండు దెబ్బలు పడతాయి. నాన్న ఆ విరామాన్ని కూడా ఉన్నదున్నట్టు దించాడు, డప్పు ఒక్కటే లేదు. ఆ ఖాళీ రాగానే మా సంఘమంతా, ఆడవాళ్ళ వైపూ మగవాళ్ళ వైపూ, ఒక్కసారిగా రెండు చప్పట్లు కొట్టింది. ఒక్కరు ముందు లేరు, ఒక్కరు వెనక లేరు. తర్వాత అందరూ తలలు దించుకుని ఎవరి చెప్పులు వాళ్ళు చూసుకున్నారు. పాస్టరు అయ్యగారి చేతులు అట్లాగే అతుక్కుని ఉండిపోయాయి. ఇక చేసేది లేక ఆయన కళ్ళు మూసి వాటిని ప్రార్థన చేతులుగా మార్చేశారు.

"చూసినవా సుగుణా, నేను చెప్పలే, చూపలే. ఆత్మనే అందరితోని ఒక్కతీరుగ కొట్టిచ్చింది" అన్నాడు నాన్న ఇంటికొచ్చాక, కళ్ళ నీళ్ళతో. "ఆఁ, చూసిన" అంటూ అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇక్కడ మా సంఘం ఇరుకున పడింది. ఆ రాగం ఎక్కడిదో నాన్నకు చెప్పాలంటే, చెప్పేవాళ్ళు తమకెట్లా తెలుసో కూడా చెప్పాలి. కాబట్టి ఎవరూ చెప్పలేదు. పాట తర్వాత పాట వచ్చింది, గోడ అవతల సినిమా మారినప్పుడల్లా. విరహగీతం పశ్చాత్తాప కీర్తన అయింది. దొంగల ముఠా పాట సువార్త పాట అయింది. ప్రతిసారీ ముఖాలు గంభీరంగా పెట్టుకుని పాడాం. మా అమ్మ మాత్రం ఎట్లా చెబుతుంది? మేడ మీద ఉండే ఇంటి ఓనరు శకుంతలమ్మతో కలిసి, సుల్తాన్ బజార్‌లో గుండీలు కొనుక్కొస్తానని వెళ్ళి, మ్యాట్నీ చూసి, గుండీలు లేకుండా తిరిగొచ్చేది. మా ఇంట్లో గుండీలకు ఎప్పుడూ కరువే. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. నాకెట్లా తెలుసని మీరూ అడగొద్దు. శకుంతలమ్మకొక్కదానికే ఏ అడ్డూ లేదు. వాళ్ళు హిందువులు, ఆమెకు సినిమా పాపం కాదు, శుక్రవారం వ్రతం లాంటిది. అయినా ఆమె కూడా కడుపులోనే దాచుకుంది. నాన్న కొత్త పాట కూనిరాగం తీస్తూ మెట్ల దగ్గర ఎదురైతే, "మస్తుగున్నది తమ్మీ, ఎక్కడనో విన్నట్టే ఉన్నది" అనేది, అంతే.

ఆ ఏడు వానాకాలం వెళ్ళాక టాకీసు మూసేశారు. కుర్చీలూ తెరా మార్చి, గోడలకు రంగులేసి, కొత్త సంవత్సరానికి తెరుస్తామని బోర్డు పెట్టారు. మా ఇంట్లో మొట్టమొదటిసారి నిశ్శబ్దం వచ్చింది. అమ్మ అన్నం మాడబెట్టింది. నాన్నకు పాట ఆగిపోయింది.

ప్రతి క్రిస్మస్ ఉదయం ఆయన కొత్త పాట పాడించడం మా సంఘంలో ఆనవాయితీ. క్రిస్మస్‌కు ముందొచ్చే అడ్వెంటు ఆదివారాలు మొదలయ్యాయి, పాట లేదు. మిషను తొక్కేవాడు, కాలు ఆపేవాడు, తల ఒక పక్కకు వంచి కూర్చునేవాడు. "వస్తలేదు" అనేవాడు. లోపల మేస్త్రీలు సుత్తులతో కొడుతుంటే ఒకరోజు ఆశగా లేచి సుద్ద తీశాడు కూడా, కానీ ఆ పల్లవి ఠక్కుఠక్కును దాటి ముందుకు పోలేదు. తిండి తగ్గింది. రోజూ పొద్దున్నే ఉపవాస ప్రార్థన. ఒక సాయంత్రం మిషను మీద చేతులు పెట్టి, "సుగుణా, ఆయన నన్ను ఇడిచిపెట్టిండు. నేనేదో తప్పు చేసిన. అది తెలిస్తే బాగుండు" అన్నాడు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. టాకీసువాళ్ళు తెర మార్చుకోవడానికీ, దేవుడు మనిషిని వదిలేయడానికీ సంబంధం లేదని ఎట్లా చెప్పాలి?

తప్పు తానే కనిపెట్టాడు. మిగులు గుడ్డ. కంసాలి తన తల్లి ముక్కుపుడకలో కూడా కాస్త బంగారం మిగుల్చుకుంటాడంటారు, దర్జీల సంగతీ అంతే. అంగీ కుట్టగా మిగిలిన ముక్క దర్జీదే, అది అడిగేవాళ్ళూ లేరు, ఇచ్చేవాళ్ళూ లేరు. నాన్నకు ఆ ముక్కలే దేవుడికీ తనకూ మధ్య అడ్డం పడ్డాయనిపించింది. ఏ ముక్క ఎవరిదో ఆయనకు గుర్తే. సంచీలో వేసుకుని అశోక్ నగర్ నుంచి బాగ్ లింగంపల్లి దాకా ఇల్లిల్లూ తిరిగి తిరిగిచ్చేశాడు. నేను వెంట వెళ్ళాను, సిగ్గుతో చచ్చిపోతూ. అశోక్ నగర్‌లో ఒక వకీలు గారు గుమ్మంలో నిలబడి, అరచేతిలో పెట్టిన మూడు మూలల నీలం ముక్కను అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇదేంది ఆశీర్వాదం?"

"మీదే సార్. మీ లగ్గం సూటుది."

"దీన్ని నేనేం చేస్కోవాలె?"

"అది నాకు తెల్వది సార్. నా దగ్గరైతే ఉండొద్దు."

వకీలు గారి పెద్దకొడుక్కి అప్పుడు పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. ఆ ముక్కను ఆయన జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళడం నాకు గుర్తు.

సంచీ ఖాళీ అయింది. పాట రాలేదు. అప్పుడు నాన్న చూపు మా బొంత మీద పడింది. మేం కప్పుకునే ఆ పెద్ద బొంత మొత్తం మిగులు ముక్కలే. కూర్చుని విప్పడం మొదలుపెట్టాడు. డిసెంబరు చలి. అమ్మ గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. బొంత సగమయ్యేసరికి చెప్పులేసుకుని, నా చెయ్యి పట్టుకుని, నేరుగా అయ్యగారింటికి నడిచింది.

అక్కడ ప్రకాశరావు గారు కూడా ఉన్నారు, చాయ్ తాగుతూ. అమ్మ కూర్చోను కూడా కూర్చోలేదు.

"అయ్యగారూ, ఆయన పాటలు ఏడికెల్లి వస్తున్నయో మీకు తెల్సు."

"నాకెట్ల తెలుస్తది సుగుణమ్మా?"

"మరి ఆనాడు చప్పట్లు సరిగ్గ ఆ జాగల్నే ఎట్ల కొట్టిండ్రు?"

అయ్యగారు సాసరు సర్దుకున్నారు. వేదాంత కళాశాలలో పాస్టరు చదువు చదివేటప్పుడు, సమాజాన్ని అర్థం చేసుకోవడానికి ఒకసారి వెళ్ళాననీ, అది పరిశోధన కిందికే వస్తుందనీ అన్నారు. అమ్మ ప్రకాశరావు గారి వైపు తిరిగింది. ఆయన చాయ్ కప్పు కింద పెట్టారు. "మా మనుమరాలు తప్పిపోయిందని ఎతుక్కుంట లోపటికి పోయిన. పిల్ల దొరికేసరికి సినిమా అయిపోయింది" అన్నారు.

"అయితే నిజం మీరే చెప్పుండ్రి. ఎట్ల తెల్సిందో అది గూడ చెప్పుండ్రి" అంది అమ్మ.

ఇద్దరూ వద్దన్నారు. నిజం చెబితే మనిషి విరిగిపోతాడని అయ్యగారు, అందులో సంఘం పరువు కూడా ఉందని ప్రకాశరావు గారు. చివరికి తేలిందేమిటంటే, నిజం చెప్పడం కన్నా ఆయనకు ఇంకొక రాగం అందించడమే అందరికీ క్షేమం. క్రిస్మస్ గడిచిపోతే టాకీసు తెరుచుకుంటుంది, దేవుడు మళ్ళీ మాట్లాడతాడు.

ముందు అమ్మ మాట మీద శకుంతలమ్మ మేడ మీద టేపు రికార్డరులో ఒక సినిమా పాట పెట్టి చూసింది. నాన్న వెంటనే పైకి వెళ్ళి, "అక్కా, జర తగ్గియ్యుండ్రి, ప్రార్థన చేస్కుంటున్న" అని మర్యాదగా చెప్పి వచ్చాడు. మేడ మీది చప్పుడు ఆయనకు చప్పుడే. గోడ మీద నుంచి వస్తేనే దైవవాణి. అంటే గోడ అవతలికి వెళ్ళాల్సిందే. టాకీసు వాచ్‌మన్ శకుంతలమ్మకు తెలిసినవాడు. మధ్యాహ్నం మేస్త్రీలు అన్నం తినే వేళకు పక్క గేటు తీసి పెట్టాడు.

ఆ దృశ్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసే వస్తాయి. కుర్చీలన్నీ పీకేసిన ఖాళీ హాలు. తెర కూడా లేదు, ఉత్త గోడ. ఆ గోడకు ముఖం పెట్టి, బడిలో శిక్ష పడ్డ పిల్లల్లా మేమందరం వరసగా నిలబడ్డాం. అయ్యగారు, ప్రకాశరావు గారు, గాయక బృందం ఆడవాళ్ళు, అమ్మ, నేను. టాకీసులో అడుగు పెట్టొద్దని చెప్పే నోళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. వెనక పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీలు నేల మీద టిఫిన్ డబ్బాలు విప్పుకుని మమ్మల్ని చూస్తున్నారు. ప్రార్థనతో మొదలుపెడదామన్నారు అయ్యగారు. "ప్రభువా, నీకు అన్నీ తెల్సు" అన్నారు. అక్కడితో ఆపారు. ఆమేన్ అన్నాం.

ఏ పాట అందించాలన్న దగ్గర గొడవ. నాన్న ఇంకా వాడనిది కావాలి. ఒకరు ఒకటంటే ఇంకొకరు ఇంకొకటి. పరిశోధన కోసం ఒక్కసారే వెళ్ళిన అయ్యగారికి చాలా పాటలు తెలుసు. చెల్లెలి అప్పగింతలప్పుడు అన్న పాడే పాట క్రిస్మస్‌కు బాగుంటుందని ప్రకాశరావు గారు పట్టుబట్టారు. సరే, గొంతులు కలవాలి కదా, ముందు అందరికీ వచ్చిన వాన పాట ఒకసారి అందాం అనుకున్నాం. మొదలుపెట్టాక నోటికి సినిమా మాటలే వచ్చాయి. ఏం చేస్తాం, అవే ముందు నేర్చుకున్నవి. గొడుగు విసిరేచోట ప్రకాశరావు గారి చెయ్యి దానంతట అదే గాలిలోకి లేచింది. వెనక మేస్త్రీలు డబ్బా మూతల మీద రెండు దెబ్బలు వేశారు.

అప్పుడు పక్క గేటులోంచి నాన్న వచ్చాడు. మెడలో కొలతల టేపు, పెదాల మధ్య గుండుసూదులు. హీరోహీరోయిన్లు ఎన్నేళ్ళు అరిచినా ఆయన వినలేదు కానీ, ఆయన నేర్పిన గొంతులు ఆయన వినకుండా ఎట్లా ఉంటాడు? ఆ గోడను ఆయన విన్నది అదే మొదటిసారి. సూదులు ఒక్కొక్కటీ తీసి చొక్కా అంచుకు గుచ్చుకున్నాడు.

"పాట బాగనే పాడ్తున్నరు. మాటలెందుకు మార్చిండ్రు?" అన్నాడు.

"ఊరికె... జర మార్చి చూస్తున్నం" అన్నారు ప్రకాశరావు గారు.

గేటు దగ్గర చాయ్ కెటిలుతో నిలబడ్డ శకుంతలమ్మ లోపలికి వచ్చింది. ఆమె ముఖంలో ఎప్పుడూ ఉండే వేళాకోళం లేదు. "వాళ్ళు మార్చలే తమ్మీ. మార్చింది నువ్వే" అంది మెల్లగా.

నాన్న ఆమెను చూశాడు. గోడను చూశాడు. దగ్గరికి వెళ్ళి దాని మీద అరచెయ్యి పెట్టాడు. "గీ అవతలనే గదా మా మిషను" అన్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగాడు.

"అన్నీనా?"

అమ్మ తలూపింది. ప్రకాశరావు గారికి ఏదో ఒక ఓదార్పు చెప్పాలనిపించినట్టుంది. "అన్ని గాదు ఆశీర్వాదం. నిరుటి ఈస్టర్ పాట రెండు సినిమాలవి కలిసినయ్. ఆ కలిపింది నువ్వే" అన్నారు. నాన్న వెళ్ళిపోయాడు. మేమూ ఒక్కొక్కరుగా పక్క గేటులోంచి ఇళ్ళకు పోయాం.

ఇప్పుడు ఆ టాకీసు లేదు, మా ఇల్లూ లేదు. రెండు జాగాలూ కలిపి రెడీమేడ్ బట్టల అంతస్తుల దుకాణం కట్టారు. అశోక్ నగర్‌లో వకీలు గారి ఇల్లు కోచింగ్ పిల్లల హాస్టల్ అయింది. సినిమా పాపమని మా సంఘంలో ఇప్పుడెవరూ అనరు. పెళ్ళిళ్ళలో పాటలేమో ఇంకా నాన్నవే, కీబోర్డు మీద, ఆ డప్పు దెబ్బలతో సహా. మొన్న సామ్ అన్నాడు, "పాట కావాలంటె ఫోన్‌కు చెప్తె చాలు పెద్దమ్మా, దేవుని మీద ఎట్లాంటిదంటె అట్లాంటిది నిమిషంల కట్టిస్తది, రాగంతోని" అని. కట్టిస్తుంది, కాదనను. నేను విన్నాను కూడా, ఒక్క తప్పు లేదు. కానీ పాట రాకపోతే అది బొంత విప్పుతుందా? వకీలు గుమ్మంలో నిలబడి లగ్గం సూటు ముక్క తిరిగిస్తుందా? నాకు ఈ కాలం మీద కోపం లేదు, ఫోను లేకుండా నాకూ గడవదు. మా నాన్న పడ్డ బాధ ఎవరూ పడనక్కర్లేకుండా పోయిందే అని మాత్రం గుబులుగా ఉంటుంది.

టాకీసు నుంచి వచ్చిన రోజు నాన్న మిషనును గోడ దగ్గర్నుంచి లాగి ముందు గది కిటికీ కింద పెట్టాడు. క్రిస్మస్ నాటకంలో దేవదూతల తెల్ల గౌన్లు కుట్టాల్సినవి చాలా ఉన్నాయి, తలెత్తకుండా అవే కుట్టాడు. ఎవరినీ ఏమీ అనలేదు. కోప్పడితే బాగుండునని మేమందరం ఎదురుచూశాం. ఒక సాయంత్రం అమ్మ చాయ్ ఇస్తే అందుకోకుండా అన్నాడు.

"ఆయన పిలిచిండనుకున్న సుగుణా. పిలిచింది గోడ."

అమ్మ గ్లాసు మిషను మీద పెట్టింది. "ఎవరు పిలిస్తే ఏంది, పలికింది నువ్వు గదా? గుండీలు కొంటానికని పోయి అవే పాటలు నేను గూడ విన్న. నేనేమన్న కీర్తన కట్టిన్నా? ఇప్పుడెవరు పిలువకున్నా పలుకు. ఎట్ల పలుకుతవో చూస్త."

తన గుండీల సంగతి తానే చెప్పేసుకున్నానని ఆమెకు అప్పుడు తెలియలేదు. నాన్నకు తెలిసిందో లేదో. ఆయన చాయ్ తాగాడు.

క్రిస్మస్ ముందు రోజు పొద్దున నాన్న తల దువ్వుకుని, ఇస్త్రీ అంగీ వేసుకుని, మేడ మెట్లెక్కాడు. నేనూ అమ్మా వెనకే వెళ్ళాం. శకుంతలమ్మ వాకిట్లో కూరగాయలు తరుగుతోంది. "అక్కా, ఒక పాట పాడ్త. నువ్వు చూడని సినిమా లేదు. ఇది ఎందుల్నన్న ఉన్నదా చెప్పు" అన్నాడు.

ఆమె కత్తిపీట మడిచి పక్కన పెట్టింది. నాన్న పాడాడు. పుట్టిన పిల్లవాడికి చుట్టిన పొత్తిగుడ్డలు ఎవరు నేశారు, ఏ తల్లి పాత చీర చింపి ఇచ్చింది అని అడిగే పాట. రాగం ఎక్కాల్సిన చోట ఎక్కదు, దిగాల్సిన చోట అక్కడే నిలబడి ఉంటుంది, తర్వాత ఉన్నట్టుండి కుంటుకుంటూ నడుస్తుంది. శకుంతలమ్మ కళ్ళు మూసుకుని చివరిదాకా విని, ఇంకొకసారి పాడించుకుని, పాత సినిమాలన్నీ మనసులో తిరగేసింది.

"లేదు తమ్మీ. ఇది ఏ సినిమాల లేదు" అంది. తర్వాత నిజాయితీగా ఇంకో మాట కూడా చేర్చింది. "ఇసొంటి పాట ఏ సినిమావోడు పెట్టడు."

"నిజమేనా అక్కా?"

"మీ దేవుని మీద ఒట్టు."

నాన్న ఆ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాడు. అంత సంతోషంగా ఆయన ఏడవడం నేను మళ్ళీ చూడలేదు.

మర్నాడు చర్చిలో ఆ పాట అందరినీ తిప్పలు పెట్టింది. ఎక్కడ అందుకోవాలో తెలియదు, ఎక్కడ ఆగాలో తెలియదు. ఆడవాళ్ళ వైపు ఒక మాట ముందుంటే మగవాళ్ళ వైపు ఒక మాట వెనక. ఎవరో అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టి, పక్కవాళ్ళు కొట్టలేదని చూసి చేతులు దాచుకున్నారు. ప్రకాశరావు గారు తమకు ఏ పాటైనా వచ్చుననే ధీమాతో రెండో చరణం గట్టిగా ఎత్తుకుని, ఎక్కడికో వెళ్ళిపోయారు. హార్మోనియం ఆగింది. నాన్న ముందుకు రెండడుగులు వేశాడు.

"అది గట్ల కాదు ప్రకాశరావు గారు" అన్నాడు. "మీకు రాదు. జర ఆగుండ్రి, నేను పాడ్త, వినుండ్రి."

ప్రకాశరావు గారు కూర్చున్నారు. మేమందరం నోళ్ళు మూసుకుని విన్నాం.